కుర్చీల మీద పెట్టిన డబ్బు ఏ దారిన తిరిగి వస్తుంది?

ప్రశ్న: విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరగా ఒక చిన్న ఆఫీసు నడుపుతున్నాను. వ్యాపారుల పద్దులు రాసిపెట్టడం, జీఎస్‌టీ రిటర్నులు దాఖలు చేయడం మా పని. మొత్తం 14 మంది పనిచేస్తున్నారు, అందులో తొమ్మిది మంది ఆడపిల్లలు. సగటు జీతం నెలకు 15 వేలు. అందరూ ప్లాస్టిక్ కుర్చీలలోనే కూర్చుని రోజంతా బిల్లులు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. ఏడాదిగా నడుము నొప్పి, మెడ నొప్పి అనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. ఇద్దరు పని మానేశారు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక సేల్స్ ప్రతినిధి ఒక్కో కుర్చీ 14 వేలు, జీఎస్‌టీ అదనం అని కొటేషన్ ఇచ్చి, దీనివల్ల పని ఎంతో పెరుగుతుందని రంగుల పుస్తకం చూపించాడు. మా అన్నయ్య మాత్రం ‘నాన్నగారు కిరాణా హోల్‌సేల్ కొట్టులో ముప్పై ఏళ్లు పరుపు మీద కూర్చుని చిట్టా ఆవర్జాలు రాశారు, ఏనాడూ నడుమన్న మాట ఎత్తలేదు’ అంటున్నారు. రెండు లక్షలకు పైగా పెడితే ఆ డబ్బు నిజంగా తిరిగి వస్తుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: ఆర్యా, తిరిగి వస్తుంది. అయితే ఆ ప్రతినిధి చూపించిన దారిన రాదు. పద్నాలుగు కుర్చీలూ ఒక్కసారే కొంటే త్వరగానూ రాదు. మీ ఉత్తరంలో ‘ఇద్దరు పని మానేశారు’ అన్న మూడు మాటల వాక్యాన్ని మీరు నొప్పుల ప్రస్తావనకూ కొటేషన్‌కూ మధ్యలో పెట్టి దాటిపోయారు. నా దృష్టిలో మీ డబ్బు అసలు పోతున్నది అక్కడే, తిరిగి రావలసిందీ అక్కడి నుంచే.

ముందుగా ఆ రంగుల పుస్తకం సంగతి చూద్దాం. అటువంటి ప్రచార పత్రాలలోని లెక్కలు చాలావరకు అమెరికా అనుభవం నుంచి వచ్చినవి. అక్కడ పని కారణంగా ఉద్యోగికి నడుమో మణికట్టో దెబ్బతింటే వైద్యం ఖర్చునూ, పోయిన జీతంలో కొంత భాగాన్నీ చెల్లించే బీమాకు యజమానే డబ్బు కట్టాలి; క్లెయిములు పెరిగినకొద్దీ ఆ తరువాతి సంవత్సరాలలో కట్టవలసిన ప్రీమియం కూడా పెరుగుతూ పోతుంది. అందువల్ల మంచి కుర్చీల మూలంగా ఒక్క క్లెయిము తప్పినా అక్కడి యజమానికి పెద్ద మొత్తమే మిగులుతుంది. మన దగ్గర వ్యవస్థ వేరు. మీ సంస్థ ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉంటే, 21 వేల లోపు జీతం ఉన్న ప్రతి ఉద్యోగికీ మీ వాటాగా జీతంలో 3.25 శాతం, వారి వాటాగా 0.75 శాతం చెల్లిస్తున్నారు. ఉద్యోగి జబ్బుపడితే వైద్యం ఈఎస్ఐ చూసుకుంటుంది. డాక్టరు ధ్రువీకరించిన సెలవు రోజులకు జీతంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు, అదే చెల్లిస్తుంది. రేపటి నుంచి మీ ఆఫీసులో ఒక్కరికీ నడుము నొప్పి రాకపోయినా మీరు కట్టే 3.25 శాతంలో ఒక్క పైసా తగ్గదు. కాబట్టి వైద్యం ఖర్చు మిగులుతుంది, ప్రీమియం తగ్గుతుంది అన్న పేజీలను మీరు నిశ్చింతగా తిప్పేయవచ్చు.

ఇక మిగిలేది పని వేగం. ఇక్కడ కూడా మన జీతాలతో లెక్క వేస్తే ఫలితం కొంచెం చప్పగానే ఉంటుంది. నెలకు 15 వేల జీతం, 26 పనిదినాలు, రోజుకు ఎనిమిది గంటలు అనుకుంటే గంటకు సుమారు 72 రూపాయలు పడుతుంది. నడుము నొప్పి వల్ల ఒక ఉద్యోగి పని రోజుకు పావుగంట పోతున్నదనుకుందాం. లేచి నిలబడడం, ఒళ్లు విరుచుకోవడం, మధ్యాహ్నం మూడు దాటాక చేతి వేగం తగ్గడం, అన్నీ కలిపి. ఏడాదికి అది సుమారు 5,600 రూపాయలు. ఆ పావుగంట మొత్తం కుర్చీ వల్లనే పోతున్నదని అనడం న్యాయం కాదు, సగం అనుకుందాం. అంటే 2,800 రూపాయలు. 14 వేల కుర్చీ ఈ ఒక్క లెక్క మీదనే తన ఖరీదు తెచ్చుకోవాలంటే అయిదేళ్లు పడుతుంది, అప్పటికి కుర్చీయే మార్చవలసి వస్తుంది. జీతాలు పెద్దవైన హైదరాబాదు ఐటీ కంపెనీకి ఇదే లెక్క ఏడాదిలో తేలిపోతుంది, మీకు తేలదు. ప్రతినిధి ఈ తేడా చెప్పడు, చెప్పవలసిన అవసరమూ అతనికి లేదు.

ఇప్పుడు మానేసిన ఇద్దరి దగ్గరకు వద్దాం. కొత్తగా చేరిన మనిషి మీ పని పూర్తిగా అందుకోవడానికి రెండు నెలలు పడుతుందని, ఆ రెండు నెలలలో సగం పనే జరుగుతుందని అనుకుంటే, 30 వేల జీతంలో 15 వేలు నేర్పుకు పోయినట్టే. నేర్పేవారు ఊరికే రారు. 25 వేల జీతం తీసుకునే సీనియరు రోజుకు గంట చొప్పున రెండు నెలలు పక్కన కూర్చుంటే మరో ఆరువేల పైచిలుకు అవుతుంది. ప్రకటన, ఇంటర్వ్యూలు, మధ్యలో ఆ సీటు ఖాళీగా ఉన్న రోజుల నష్టం కలపకుండానే ఒక్క మనిషి వెళ్లిపోవడం మీకు 21 వేల రూపాయలకు పైగా ఖర్చు. ఆ ఇద్దరిలో ఒక్కరైనా నొప్పి భరించలేక మానేసి ఉంటే, కొటేషన్‌లోని ధరకే ఒకటిన్నర కుర్చీ విలువ మీ చేతి నుంచి పోయింది, కుర్చీ మాత్రం రాలేదు. వారిద్దరికీ ఫోన్ చేసి ఎందుకు మానేశారో మర్యాదగా అడగండి. పెళ్లి కుదిరిందనో, విశాఖలో వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తున్నారనో చెబితే ఈ లెక్క మారుతుంది. మొహమాటానికి అలా చెప్పే అవకాశం కూడా ఉంది గనుక, అడిగే పని మీరు కాకుండా వారితో చనువుగా ఉన్న ఉద్యోగినికి అప్పగిస్తే నిజం తెలుస్తుంది.

తప్పుల లెక్క మరొకటి ఉంది, మీ వృత్తిలో అది చిన్నది కాదు. నెలవారీ దాఖలు చేసే వ్యాపారులకు జీఎస్‌టీఆర్–1 (అమ్మకాల వివరాల రిటర్ను) గడువు 11వ తేదీ, 3బి (పన్ను చెల్లించే రిటర్ను) గడువు 20వ తేదీ. అంటే మీ ఆఫీసులో ప్రతి నెలా అయిదు నుంచి ఇరవై వరకు ఎవరూ తలెత్తరు, రాత్రి ఎనిమిది దాకా కూర్చుంటారు. నొప్పులు ముదిరేదీ, సెలవు చీటీలు వచ్చేదీ ఆ పక్షం రోజుల్లోనే. నెలాఖరులో ఒక మనిషి రాకపోవడానికీ, 18వ తేదీన రాకపోవడానికీ మీకు ఎంత తేడా ఉందో నేను చెప్పనవసరం లేదు. 3బి ఒక్కరోజు ఆలస్యమైతే లేటు ఫీజు, పన్ను చెల్లించవలసి ఉంటే 18 శాతం వడ్డీ. ఆ రెండూ క్లయింటు మీ మీదకే తోస్తాడు. సాయంత్రం మెడ పట్టేసిన స్థితిలో ఇన్‌వాయిస్ నంబరులో ఒక అంకె అటూ ఇటూ అయితే, సరుకు కొన్న వ్యాపారి 2బిలో (కొనుగోళ్ల మీద అతనికి వచ్చే క్రెడిట్ చూపే పట్టికలో) అది సరిపోలక, అతను మీ క్లయింటును, ఆ క్లయింటు మిమ్మల్ని నిలదీస్తారు. కుర్చీలు మార్చే ముందు రెండు నెలల పాటు ఒక నోటు పుస్తకంలో మూడే విషయాలు రాయించండి: ఎవరు ఏ తేదీన సెలవు పెట్టారు, ఏ గంటలో ఎక్కించిన బిల్లులలో తప్పులు దొరికాయి, ఆ తప్పు దిద్దడానికి ఎంతసేపు పట్టింది. ఆ పుస్తకం ప్రతినిధి తెచ్చిన పుస్తకం కన్నా నమ్మదగినది.

అన్నయ్యగారి వాదన కొట్టిపారేయవలసినది కాదు. అయితే నాన్నగారు కూర్చున్న తీరును ఆయన సగమే గుర్తుపెట్టుకున్నారేమో. గుమాస్తా ముందు ఏటవాలు చెక్క డెస్కు ఉండేది. కాగితం కంటి వైపు లేచి ఉండేది గనుక మెడ అంతగా వంగేది కాదు. పైగా ఆయన గంటకు నాలుగు సార్లు లేచేవారు. బస్తాలు లెక్కపెట్టడానికి, గోడౌన్ తాళం తీయడానికి, వచ్చిన రైతుతో మాట్లాడడానికి. మీ ఉద్యోగులకు లేవవలసిన పని ఏదీ లేదు, అన్నీ కుర్చీ దగ్గరకే వస్తాయి. ఏ కుర్చీ అయినా, ఎంత ఖరీదైనదైనా, కదలకుండా కూర్చున్న నాలుగు గంటలకు విరుగుడు కాదు. ప్రింటరును, తాగే నీళ్లను హాలుకు ఆ చివర పెట్టడానికి డబ్బు ఖర్చు కాదు.

ఈ ఏటవాలు డెస్కు దగ్గరే మీ మెడ నొప్పుల కారణం కూడా ఉందని నా అనుమానం. బిల్లులు ఎక్కించేవారి బల్లను ఒకసారి పక్కన నిలబడి చూడండి. బిల్లుల కట్ట కీబోర్డుకు ఎడమ పక్కన బల్ల మీద పడుకుని ఉంటుంది. ప్రతి బిల్లుకూ తల ఎడమకు తిరిగి, కిందకు వంగి, మళ్లీ పైకి లేచి తెర వైపు తిరుగుతుంది. రోజుకు కొన్ని వందల బిల్లులు ఎక్కించేవారి మెడ అన్ని వందల సార్లు ఇదే పని చేస్తుంది, అదీ ఒకే వైపుకు. దీనికి 14 వేల కుర్చీ ఏ విధంగానూ ఉపకరించదు. కావలసినది కీబోర్డుకూ తెరకూ మధ్య నిలబడే ఒక చిన్న ఏటవాలు పలక. ఇంట్లో రామాయణ పారాయణకు వాడే వ్యాసపీఠం ఎలా పుస్తకాన్ని ఎత్తి పట్టుకుంటుందో అలాగే ఇది బిల్లును ఎత్తి పట్టుకోవాలి, జారకుండా కింద ఒక అంచు ఉండాలి. మీ ఊరి వడ్రంగి ప్లైవుడ్ ముక్కలతో పద్నాలుగూ చేసి ఇస్తే అయ్యే ఖర్చు ఒక్క కుర్చీ ఖరీదుకు చేరదు. నన్ను అడిగితే మొదటి రూపాయి ఇక్కడే పెట్టమంటాను.

తరువాత కాళ్ల సంగతి. మన ఆఫీసు బల్లలు సాధారణంగా 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి, అది అయిదడుగుల అమ్మాయి కొలత కాదు. ఆమె పాదాలు నేలకు ఆనేలా కూర్చుంటే మోచేతులు బల్ల కన్నా కిందకు ఉండిపోయి, భుజాలు ఎత్తిపట్టి టైపు చేయవలసి వస్తుంది. మోచేతులు బల్ల ఎత్తుకు వచ్చేలా కుర్చీ పెంచితే పాదాలు గాలిలో ఉంటాయి. అప్పుడు ఆమె ఏంచేస్తుంది? కుర్చీలోనే బాసింపట్టు వేసుకుంటుంది, లేదా సీపీయూ డబ్బా మీద కాళ్లు పెట్టుకుంటుంది. ఈ రెండూ మీ ఆఫీసులో కనిపిస్తే అది క్రమశిక్షణ లోపం కాదు, ఎత్తు కుదరలేదని అర్థం. వారికి ఎత్తు మార్చుకోగల కుర్చీ, కాళ్ల కింద ఒక వాలు పీట, రెండూ కావాలి; ఒకటి ఉండి మరొకటి లేకపోతే ప్రయోజనం లేదు. ల్యాప్‌టాప్‌లు వాడుతున్న వారికి తెర ఎత్తు సరిచేస్తే చేతులు, చేతులు సరిచేస్తే తెర తప్పుతుంది గనుక, స్టాండు, విడి కీబోర్డు, విడి మౌసు తప్పనిసరి. తెర పై అంచు కంటి ఎత్తుకు, లేదా కాస్త కిందకు ఉంటే చాలు.

కుర్చీల వల్ల పని పెరుగుతుందన్న మాటకు ఆధారాలు ఉన్నాయా అంటే, ఉన్నాయి, కాని మితంగా ఉన్నాయి. అమెరికాలో ఒక రాష్ట్ర పన్నుల శాఖ ఉద్యోగుల మీద జరిగి, 2003లో వెలువడిన ఒక అధ్యయనం మీ పనికి దగ్గరగా ఉంటుంది. అక్కడ కొందరికి ఎన్నో విధాల సర్దుకోగల కుర్చీ ఇచ్చి, ఎలా కూర్చోవాలో కూడా నేర్పారు. కొందరికి నేర్పి వదిలేశారు. కొందరికి ఏమీ చేయలేదు. కుర్చీ, శిక్షణ రెండూ అందిన వారి వసూళ్లు 17.7 శాతం పెరిగాయని, శిక్షణ మాత్రమే అందిన వారిలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదని తేలింది. అయితే అది ఒక్క ఆఫీసు కథ. అనేక అధ్యయనాలను ఒక్కచోట చేర్చి తూచిన 2018 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, ముంజేతికి ఆధారం ఇచ్చి వేరే రకం మౌసు వాడితే మెడ, భుజాల సమస్యలు తగ్గవచ్చునని, మిగిలిన పరికరాల విషయంలో ఆధారాలు నిలకడగా లేవని చెప్పింది. కాబట్టి 17.7 శాతాన్ని మీ ఆదాయానికి గుణించుకుని కూర్చోకండి. ఆ అధ్యయనం నుంచి మీరు తీసుకోవలసింది అంకెను కాదు, పద్ధతిని: కుర్చీ ఇచ్చిన రోజే ప్రతి ఒక్కరి పక్కన పది నిమిషాలు నిలబడి, ఏ మీట ఏమి చేస్తుందో చూపించి, వారి కొలతకు వారి చేతనే సర్దించాలి. మన ఆఫీసుల్లో ఖరీదైన కుర్చీ మీది ప్లాస్టిక్ కవరు కూడా ఊడదీయకుండా, దుకాణంలో ఉన్న ఎత్తులోనే ఏళ్ల తరబడి వాడడం సర్వసాధారణం. ఎత్తు తగ్గించి పెంచుకోగల బల్లలు కూడా ఆ ప్రతినిధి చూపించే ఉంటాడు. మీ ఆఫీసుకు ప్రస్తుతం వాటి అవసరం లేదు.

కుర్చీలు కొనే విషయానికి వస్తే, పద్నాలుగింటికి ఆర్డరు ఇవ్వకండి. నొప్పి ఎక్కువగా ఉన్నవారు, ఎక్కువ గంటలు కూర్చునేవారు, పొట్టిగా ఉన్నవారు కలిపి నలుగురిని ఎంచుకుని, నాలుగు కుర్చీలు తెప్పించండి. వాటిలో రెండు ఏడెనిమిది వేల రకం, రెండు కొటేషన్‌లోని రకం. సాధ్యమైతే ముందుగా నమూనాగా పదిహేను రోజులు ఇమ్మని అడగండి. పద్నాలుగు కుర్చీల ఆశ ఉన్న ప్రతినిధి కాదనడు. కూర్చున్నప్పుడు మోకాలి వెనుకకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. సీటు లోతు తగ్గించుకునే వీలు లేని పెద్ద కుర్చీలలో పొట్టివారికి వీపు వెనుక ఆనదు, అప్పుడు నడుము ఆధారం ఎంత గొప్పదైనా వృథా. కుర్చీ చేతుల ఎత్తు మార్చుకోగలగాలి, లేకపోతే అవి బల్లకు తగులుకుని కుర్చీని దగ్గరకు జరగనివ్వవు. వీపు భాగం జాలీ అల్లికదై ఉంటే మంచిది. మే నెల ఉక్కలో, ఏసీ లేని హాలులో, రెక్సిన్ కుర్చీలో ఎవరు కూర్చున్నా గంటలో వీపు తడిసిపోయి ముందుకు జరిగిపోతారు, అంతటితో ఆ కుర్చీ ఇచ్చే ఆధారం ముగిసినట్టే. ఇంకొకటి, ఏ కేటలాగులోనూ ఉండదు: చక్రాలలో చున్నీ, చీర కొంగు చిక్కుకోవడం. చక్రాల మీద కప్పు ఉన్న రకం అడగండి. గ్యాస్ లిఫ్ట్ (కుర్చీ ఎత్తు మార్చే గొట్టం) పాడైతే విశాఖ నుంచి మనిషి ఎన్ని రోజులకు వస్తాడో, వారంటీలో లిఫ్ట్, చక్రాలు ఉన్నాయో లేదో బిల్లు మీదనే రాయించుకోండి. ఎత్తు దిగిపోయి నిలవని కుర్చీ, ప్లాస్టిక్ కుర్చీ కన్నా అధ్వానం.

నాలుగు నెలల తరువాత మీ నోటు పుస్తకం తెరిచి, ఆ నలుగురి సెలవులను, తప్పులను మిగతావారితో పోల్చి చూసుకుంటే, మిగిలిన పదింటికి ఏ రకం కొనాలో, అసలు కొనాలో వద్దో మీకే తెలుస్తుంది. ఒకరికి నొప్పి తొడ మీదుగా కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరి ఎక్కుతున్నా ఈ నాలుగు నెలలు ఆగనివ్వకండి. వెంటనే డాక్టరు దగ్గరకు పంపండి.

పన్నుల సంగతి మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే, అయినా ఇది చదివే ఇతర యజమానుల కోసం కొంచెం చెబుతాను. 14 వేల కుర్చీ మీద 18 శాతం జీఎస్‌టీ 2,520 రూపాయలు. పన్ను వర్తించే సేవలు అందించే సంస్థకు అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టవలసిన పన్నులో తగ్గింపుగా, తిరిగి వస్తుంది, కాంపోజిషన్‌లో (టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే పథకంలో) ఉన్నవారికి రాదు. క్రెడిట్ తీసుకున్న మొత్తం మీద మళ్లీ తరుగుదల చూపించకూడదు. ఆదాయపు పన్నులో ఫర్నిచరు తరుగుదల ఏడాదికి 10 శాతం మాత్రమే, అదీ ప్రిజంప్టివ్ పద్ధతిలో (టర్నోవరులో ఇంత శాతం లాభమని అంచనాగా) ఆదాయం చూపేవారికి విడిగా దొరకదు. ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే ఆ ఏడాదికి సగమే వస్తుంది గనుక, అక్టోబరు మూడు, నాలుగు తేదీలు దాటితే నష్టమని దసరా ఆఫర్లు వదులుకునేవారు ఉన్నారు. 14 వేల కుర్చీ మీద ఆ తేడా 700 రూపాయల తరుగుదల, అంటే 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి కూడా 210 రూపాయల చిల్లర, అదీ తరువాతి సంవత్సరాలలో సర్దుకుపోయేదే. పైడితల్లి అమ్మవారి పండుగ రోజుల్లో దుకాణదారు కుర్చీకి అయిదువందలు తగ్గిస్తానంటే నిరభ్యంతరంగా ఆగండి. డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే చెల్లించండి. ఒకే వ్యక్తికి ఒక రోజులో పది వేలకు మించి నగదు ఇస్తే ఆ మొత్తాన్ని ఆస్తి ఖరీదులో కలపనివ్వరు. పాత ప్లాస్టిక్ కుర్చీలను అమ్మేయకండి, రిటర్ను గడువు రోజుల్లో బిల్లుల సంచులతో వచ్చి కూర్చునే క్లయింట్లకు అవి పనికివస్తాయి.